తెగని దారానికి మోగిన గరిటె

ఇంతకాలం ఎందుకు రాయలేదంటే, నాకు రాయడం రాదు. అంతకు మించిన కారణం లేదు. కర్ణాటకలో చింతామణి పక్క పల్లెలో పుట్టి, వేడి నీళ్ళకు చేతులు ఆగే వయసు వచ్చినప్పటి నుంచి రీలింగ్ షెడ్డులో పట్టుదారం తీశాను. అరవై దగ్గరపడుతుండగా పని మానుకున్నాను. ఆ తర్వాతే అంగనవాడి గదిలో సాయంత్రం పూట పెద్దవాళ్ళకు చదువు చెప్పే వయస్కర శిక్షణ తరగతికి వెళ్ళాను. అక్కడ నేర్పింది కన్నడ అక్షరాలు. నా నోట్లో ఉన్నది తెలుగు. చదవడం వచ్చింది కాని, మనసులోని మాట పెట్టుకోవడానికి ఆ అక్షరాలు చాలా రోజులు వేరేవాళ్ళ ఇంటి పాత్రల్లాగే అనిపించాయి. మదనపల్లె వైపు నుంచి వచ్చే బస్సుల బోర్డులు చూసి, కన్నడ అక్షరానికీ తెలుగు అక్షరానికీ పోలిక పట్టుకుని, మెల్లగా తెలుగు రాయడం నాకు నేనే నేర్చుకున్నాను. అందుకే ఇంత ఆలస్యం.

మా పంచాయతి గ్రంథాలయంలో కంప్యూటర్ ముందు కూర్చునే పిల్లల కోసం, రీలింగ్ పనికి పోవాలా వద్దా అని నన్ను అడిగే ఆడపిల్లల కోసం ఇది రాస్తున్నాను. ఆ రెండు పనులూ నేను చేశాను. ఒకటి పొట్ట కోసం చేసింది, రెండోది సరదాగా నేర్చుకుని చేసిన వీడియో గేమ్. సరదా అని అందరికీ చెబుతాను కాని, నిజానికి అది ఒక మనిషి కోసం. ఆమె పేరు గంగమ్మ. షెడ్డులో నా ఎదురు బేసిన్, అంటే వేడి నీళ్ళ తొట్టి, ఆమెది. నా ఆట ఆమె చూసి, అవును, మనది ఇట్లే ఉండేది అని ఒక్క మాట అనాలని నా ఆశ. మొదటి నుంచీ అంతే.

నా దారం నాకు కనపడదు

రీలింగ్ గురించి తెలియనివాళ్ళకు చెబుతాను. పట్టుగూళ్ళను మరిగే నీళ్ళలో ఉడికించి, వరిగడ్డి చీపురుతో మెల్లగా తడితే పోగు కొస చీపురుకు అంటుకుని పైకి లేస్తుంది. అట్లాంటి కొసలు కొన్ని కలిపి ఒకే దారంగా పైకి ఇస్తాం. ఒక గూడు అయిపోగానే ఇంకో గూటి కొస అందించాలి. అందించకపోతే దారం సన్నబడి తెగిపోతుంది. చేతులు పొద్దస్తమానం వేడి నీళ్ళలోనే ఉంటాయి. వేళ్ళ తోలు మెత్తబడి, తెల్లబడి, తర్వాత లేచిపోతుంది. ఉడికిన పురుగుల వాసన చీరకూ జుట్టుకూ పట్టుకుంటుంది. సాయంత్రం బస్సులో మా పక్క సీటు ఖాళీగానే ఉండేది. ఈ పనికి వచ్చే ఆడపిల్లలకు ఈ సంగతి ముందే చెప్పాలి. ఎవరూ చెప్పరు.

మా షెడ్డులో దారం చుట్టుకునే రాట్నాలు మా వీపు వెనక ఉండేవి. దారం బేసిన్ నుంచి లేచి, తల మీదుగా వెనక్కి పోయేది. ముందు ఆవిరి, వెనక దారం. తెగినా మాకు తెలియదు. ఎదురుగా కూర్చున్న మనిషికి మాత్రం నా తల పైన దారం బాగా కనిపిస్తుంది. అందుకని ఆమె దారం నేను చూడాలి, నా దారం ఆమె చూడాలి. తెగితే గూళ్ళు తీసే జల్లిగరిటెతో బేసిన్ అంచు మీద ఒక దెబ్బ కొట్టాలి. మోటారు రొదలో మాట వినపడదు కాని ఆ చప్పుడు వినపడుతుంది. వినగానే కాలికింది మీట నొక్కి రాట్నం ఆపి, చేతులు తుడుచుకుని, లేచి వెనక్కి తిరిగి, తెగిన కొస వెతికి ముడి వేయాలి.

ఇది మాకెవరూ నేర్పిన పద్ధతి కాదు. పాతవాళ్ళు చేస్తుంటే చూసి పట్టుకున్నదే. కరెంటు పోయి మోటారు ఆగినప్పుడు మాత్రం గంగమ్మ నోరు తెరిచేది. మేస్త్రి నడకను, షెడ్డు యజమాని అయిన సావుకారి దగ్గును, నా గొంతును అచ్చంగా చేసి చూపించేది. కరెంటు వచ్చాక మళ్ళీ నా తల పైన చూస్తూ కూర్చునేది. ఇన్నేళ్ళలో మేం ఒకరి ముఖం ఒకరం చూసుకున్నది తక్కువ.

ఆమెకు ఒక లోపం ఉండేది. అప్పుడప్పుడు తెగని దారానికి కూడా కొట్టేది. రాట్నం ఆపి, లేచి, తిరిగి చూస్తే దారం బాగానే ఉండేది. కళ్ళు యాడ పెట్టుకున్నావు మే అని తిట్టేదాన్ని. ఆవిరిలో అట్ల అనిపించె అని నవ్వేసేది. నేను మళ్ళీ కూర్చునేదాన్ని.

ఇద్దరు పెద్దలు

మేస్త్రి అరిచే మనిషి. మా అందరికీ అతనంటే భయం. కాని నాకు పని నేర్పింది అతనే. కొస దొరకనప్పుడు గూడును లాగొద్దని, లాగితే పోగులన్నీ కలిసిపోయి ముద్ద అవుతాయని, మళ్ళీ నీళ్ళలో వదిలి వేడి పట్టనిచ్చి చీపురుతో తట్టమని నా పక్కన కూర్చుని చూపించాడు. తర్వాత కంప్యూటర్ దగ్గర నాకు ఎక్కువ పనికొచ్చింది ఆ మాటే.

సావుకారి మెత్తని మనిషి. గొంతు పెంచేవాడు కాదు. ఎవరి చేతి మీదైనా మరిగే నీళ్ళు పడితే తన బండిలోనే ఆసుపత్రికి పంపేవాడు. మంచివాడే. అయినా షెడ్డులోకి వస్తే ఆయన చూపు రాట్నాల మీద పడేది, అక్కడి నుంచి కిందికి దిగేది కాదు. మీరు ఎవరి దగ్గర పనికి కుదిరినా, ఆ మనిషి లోపలికి రాగానే ముందు దేన్ని చూస్తాడో గమనించండి. అతని మంచితనం గురించి ఊరు చెప్పేదానికంటే అది ఎక్కువ చెబుతుంది.

ఆటోమేటిక్ మిషన్ వచ్చినప్పుడు ఎదురెదురు బేసిన్లు తీసేశారు. దారం సన్నబడితే మిషనే కనిపెట్టి కొత్త కొస అందిస్తుంది. తెగితే తనే ఆగుతుంది. పక్కన తిరిగేవాళ్ళు కొందరుంటే చాలు. నన్ను ఉంచారు, గంగమ్మను వద్దన్నారు. ఆమె కన్నుకు నిలకడ లేదని, ఊరికే రాట్నం ఆపిస్తుందని సావుకారి నాతోనే అన్నాడు. ఆయన అన్నది అబద్ధమని చెప్పడానికి నా దగ్గర ఏమీ లేదు.

గంగమ్మ బాగేపల్లిలో తన చెల్లెలు ఉన్న వీధికి పోయి, బస్టాండు దగ్గర పూలు కట్టి అమ్మడం మొదలుపెట్టింది. పోయే ముందు నాతో అన్న మాట, "ఆ పురుగుల కంపు నాకు మళ్ళా చూపించద్దు మే." నవ్వుతూనే అంది. ఆ తర్వాత మేం కలిసింది ఎవరి పెళ్ళిలోనో, పంక్తిలో నాలుగు మాటలు.

నేను మిషన్ పక్కన నడుస్తూ ఇంకొన్నేళ్ళు పని చేశాను. చేతులు బాగుపడ్డాయి. కాని నా తల పైన చూసే మనిషి లేదు. ఇది ఎవరికైనా చెబితే నవ్వుతారని చెప్పలేదు.

రాసినట్టు నడిచే మాటలు

గ్రంథాలయానికి నేను పోయింది పేపరు చదవడానికి. అక్కడ పని చేసే శైలజ మేడం పిల్లలకు సెలవుల్లో కోడింగ్ నేర్పేది. పిల్లలు బడికి పోయిన వేళ కంప్యూటర్లు ఖాళీగా ఉండేవి. ఒకరోజు తెర మీద రంగురంగుల ముక్కలు ఒకదానికొకటి అతుక్కుని ఉండడం చూశాను. ఒక్కో ముక్క మీద రెండు మూడు మాటలే ఉన్నాయి. పది అడుగులు నడువు. అయితే. మళ్ళీ మళ్ళీ చెయ్యి. ఆగు.

పుస్తకంలో పెద్ద వాక్యం కనబడితే నాకు అప్పటికీ దడ. ఈ ముక్కలు మాత్రం చదవగలిగాను. వాటిని అతికించి, పైన ఉన్న పచ్చ జెండా గుర్తు నొక్కితే తెర మీది బొమ్మ కదిలింది. అప్పటివరకు నేను రాసినవన్నీ పేరు, ఊరు, తరగతిలో చెప్పిన మాటలు. అవి రాసినా లోకంలో ఏమీ మారలేదు. ఇక్కడ నేను పెట్టిన మాట ఒక పని చేసింది. ఆ రోజు ఇంటికి నడిచి పోతుంటే రోడ్డు పొడవునా నవ్వు వస్తూనే ఉంది.

మేడం మొదట పిల్లలకు ఇచ్చే పాఠమే నాకూ ఇచ్చింది, పిల్లి చిక్కుదారిలో పోయి పాలు తాగే ఆట. చేశాను కాని నాకు ఆ పిల్లి మీద ప్రేమ పుట్టలేదు. ఇంకేదైనా మీకు తెలిసింది చేయండమ్మా అంది ఆమె. నాకు తెలిసింది ఒకటే కదా అని ఒక గుండ్రటి బేసిన్ గీశాను.

కొత్తగా నేర్చుకునేవాళ్ళకు నేను చెప్పేది ఇదే. ఇతరుల పిల్లిని ఎక్కువ రోజులు నడిపించకండి. మీ చేతులకు తెలిసిన పని ఒకటి ఉంటుంది, దాన్ని ఆటగా చేయండి. ఎక్కడ తప్పు జరుగుతోందో మీకు లోపల తెలుస్తుంది. తెలిసినప్పుడే దిద్దాలనిపిస్తుంది.

తప్పులు చాలా చేశాను

ఒక గూడు గీసి, దానికి నకలు పుట్టించే ముక్క పెట్టాను. పుట్టిన నకలు కూడా ఇంకో నకలును పుట్టించింది. కాసేపటికి తెర నిండా గూళ్ళు, కంప్యూటర్ బిగుసుకుపోయింది. మేడం పరిగెత్తి వచ్చి చూసి, ఇన్ని గూళ్ళు మన తాలూకా మొత్తం పండవు కదమ్మా అని నవ్వింది.

ఇంకోసారి దారం తెగగానే రాట్నం ఆగాలని "అన్నీ ఆపు" అనే ముక్క పెట్టాను. దారం తెగగానే నీళ్ళు, ఆవిరి, గూళ్ళు అన్నీ కొయ్యబారిపోయాయి. ఏ ఒక్కటి ఆగాలో సరిగా చెప్పకపోతే కంప్యూటర్ అన్నిటినీ ఆపుతుంది. అందులో దానికి చెడ్డబుద్ధి ఏమీ లేదు. మనం చెప్పిందే అది చేస్తుంది, మనం అనుకున్నది చేయదు. ఈ తేడా తలకెక్కడానికి నాకు ఒక వానాకాలమంతా పట్టింది.

ఎక్కడ తప్పుందో తెలియనప్పుడు మొదట్లో అన్ని ముక్కలూ లాగి పీకేసి మొదటి నుంచి పెట్టేదాన్ని. ఇంకా చిక్కుపడేది. అప్పుడు మేస్త్రి మాట గుర్తొచ్చింది. లాగడం మానేశాను. ఒక ముక్క తీసి నడిపించి చూడడం, అది కాకపోతే మళ్ళీ దాని చోట దాన్ని పెట్టి ఇంకోటి తీయడం. అట్లా కొస దొరికేది.

చివరికి ఆట నడిచింది. గూళ్ళు తేలుతాయి, కొస పట్టుకోవాలి, దారం సన్నబడకముందే ఇంకో కొస అందించాలి. పిల్లలు ఆడారు, బాగుందవ్వా అన్నారు. నాకు మాత్రం అది మా పనిలా లేదు. దారం ఆడేవాళ్ళ కళ్ళ ముందే ఉంది. తెగితే వాళ్ళకే కనిపిస్తుంది. అట్లయితే అది మిషనే కదా.

ఎదుటి మనిషిని తయారు చేయడం

రాట్నం ఆపి వెనక్కి తిరిగితే తప్ప దారం ఆడేవాళ్ళకు కనపడకుండా చేసి, ఎదురు బేసిన్ దగ్గర ఒక ఆడమనిషి బొమ్మను పెట్టాను. దారం తెగితే ఆమె గరిటెతో కొడుతుంది. చప్పుడు కోసం మా ఇంటి జల్లిగరిటెను స్టీలు బేసిన్ మీద కొట్టి ఫోన్లో రికార్డు చేసుకున్నాను. ఎన్ని గిన్నెలు మార్చినా ఆ మోత రాలేదు. నీళ్ళు పోసి కొట్టాక కొంచెం దగ్గరికి వచ్చింది.

ఆ బొమ్మ ఎప్పుడూ తప్పు చేయదు. తెగిన క్షణానే కొడుతుంది. గంగమ్మ అట్లా కాదు. అందుకని ఒక్కొక్క షరతు చేర్చుకుంటూ పోయాను. టీ తాగక ముందైతే కొంచెం ఆలస్యంగా కొట్టు. కరెంటు పోతే తల తిప్పి నవ్వు. వానొస్తే ఒకసారి కప్పు వైపు చూడు. ఒక షరతు పెడితే ఇంకోటి గుర్తొచ్చేది. గుర్తొచ్చింది పెడితే దాని వెనక ఇంకోటి. ముక్కులో చేయి పెట్టి గోకే మనిషి కాదు, మోచేత్తో ముక్కు తుడుచుకునే మనిషి, చేతులు తడి కాబట్టి. అది కూడా పెట్టాను. ఎంత పెట్టినా ఆమె పూర్తి కాలేదు. రోజూ గ్రంథాలయం మూసే వేళకు మేడం వచ్చి నా వెనక నిలబడేది.

తెగని దారానికి కొట్టే అలవాటు కూడా పెట్టాలి కదా. దానికి మేడం ఒక ముక్క చూపించింది. లెక్క లేకుండా, ఎప్పుడు పడితే అప్పుడు ఒక అంకెను అదే ఎంచుకుంటుంది. నేను అనుకున్న అంకె వస్తే గంగమ్మ ఊరికే కొట్టాలి. పెట్టాను. తప్పుగా గరిటె మోగినప్పుడల్లా నాకు షెడ్డులో కూర్చున్నట్టే అనిపించింది. ఆట పూర్తయిందనుకున్నాను. ఇక ఆమెకు చూపించాలి.

బాగేపల్లి బస్టాండు

మేడం ఆటను నా ఫోన్లో ఆడేట్టు చేసి ఇచ్చింది. మధ్యాహ్నానికి బాగేపల్లి చేరాను. ఆ వేళ బేరం ఉండదు. గంగమ్మ తడిగోనె మీద కనకాంబరాలు పోసుకుని మాల కడుతోంది. నన్ను చూసి మాల ఆపలేదు.

"ఏమ్మే రత్నా, ఎవురింట్లో పెండ్లి?"

పెళ్ళి కాదని, నిన్ను చూడ్డానికే వచ్చానని చెప్పాను. ఆమె నమ్మలేదు. కూర్చోమని గోనె అంచు లాగింది. చదువుకున్నావంట కదా, ఇంక నాతో మాట్లాడతావా అని ఎకసెక్కం చేసింది. చెల్లెలి మోకాళ్ళ గురించి, ఎండకు వాడిపోయే పూల గురించి కొంతసేపు చెప్పింది. తర్వాత నేను ఫోన్ తీశాను. బేసిన్ చూడగానే ఆమె ముఖం పక్కకు తిప్పుకుంది.

"చూపించద్దంటి గదా."

కంపు రాదులే, ఫోన్లో కదా అన్నాను. ఆమె పెదవి కొంచెం కదిలింది. చేయి మాల మీదే ఉంచి, కళ్ళు మాత్రం తెర వైపు తిప్పింది. నేను ఆడడం మొదలుపెట్టాను. ఎదురు బేసిన్ దగ్గర కూర్చున్న బొమ్మను వేలితో చూపించి, ఎవరో చెప్పు అన్నాను.

"నేనా అది? నా ముక్కుపుడక యాడ పాయ?"

గీయడం మరిచిపోయానన్నాను. బొమ్మ మోచేత్తో ముక్కు తుడుచుకుంది. గంగమ్మ గట్టిగా నవ్వింది. పక్కన అరటిపండ్ల బండి ఆమె కూడా తిరిగి చూసింది. దారం తెగింది, గరిటె మోగింది, నేను రాట్నం ఆపి ముడి వేశాను. ఇంకోసారి తెగింది, ఇంకోసారి మోగింది. గంగమ్మ మాల కట్టడం ఆపి నా భుజానికి ఆనుకుని చూడసాగింది. ఈ క్షణం కోసమే కదా ఇన్ని నెలలు అనుకున్నాను.

అప్పుడు గరిటె ఊరికే మోగింది. రాట్నం ఆపి వెనక్కి తిప్పితే తెర మీద దారం తెగకుండా కనిపించింది.

"ఇప్పుడు దారం బాగుండాది గదా. ఏంటికి కొట్టె?"

నువ్వు అప్పుడప్పుడు అట్లే కొట్టేదానివి కదా, దాన్ని కూడా పెట్టానని చెప్పాను. గొప్పగానే చెప్పాను. ఆమె నవ్వలేదు.

"ఎప్పుడెప్పుడు కొడ్తాది?"

"దానికి లెక్క లేదు. ఎప్పుడు పడితే అప్పుడు కొడ్తాది."

ఆమె మాలను గోనె మీద పెట్టింది. తర్వాత నా కుడిచేయి పట్టుకుని వెల్లకిలా తిప్పి, వేళ్ళ కొసలు తన బొటనవేలితో రుద్దింది.

"ఎప్పుడు పడితే అప్పుడు నేను కొట్టలా మే. నీ చేతులు చూసి కొడ్తాంటి. తోలు లేచి ఎర్రగా మాంసం కనపడ్తాంటే కొడ్తాంటి. చేతులు తియ్యమంటే నువ్వు తీసే రకమా? దారం తెగిందంటే తీస్తావు."

షెడ్డులో నేను లేచి వెనక్కి తిరిగి లేని తెగుడు వెతికిన ప్రతిసారీ నా చేతులు గాలికి ఆరాయి. ఆమెను తిడుతూనే చేతులు కొంగుకు తుడుచుకున్నాను. మంట తగ్గిన తర్వాతే కూర్చున్నాను. అది నాకు గుర్తుంది. ఎందుకు తగ్గిందో మాత్రం ఎప్పుడూ ఆలోచించలేదు.

సావుకారి నీ గురించి ఏమన్నాడో తెలుసా అని అడిగాను. తెలుసని తల ఊపింది. మేస్త్రి కూడా రెండు మూడుసార్లు పిలిచి అడిగాడట. మరి చెప్పలేదేమని అడిగాను.

"ఏమని చెప్పేది? ఊరికే పని ఆపిస్తాండానని చెప్పేదా? ఆవిరిలో కనపడలేదంటి. అంతే."

ఆ మాట అంటున్నప్పుడు ఆమె గొంతులో నా మీద కోపం కాని, బాధ కాని లేవు. మాల తీసుకుని మళ్ళీ కట్టడం మొదలుపెట్టింది. బస్సు వచ్చి నిలిచే ముందు, కట్టిన మాల కొస తెంపి నా జడలో పెడుతూ, ఇంకా ఆటలోనే మనసున్నట్టు అడిగింది.

"దాంట్లో నీ చేతులు యాడుండాయి మే? అవి కనపడకపోతే, పాపం, ఆయమ్మ దేన్ని చూసి కొడ్తాది?"

నేను ఆశపడిన మాట ఆమె అనలేదు. ఇట్లే ఉండేది అనలేదు. బస్సు కదిలిన తర్వాత కిటికీలోంచి చూస్తే, ఆమె నా వైపు చూస్తోంది. నా ముఖం వైపు కాదు, అలవాటు కొద్దీ కొంచెం పైకి.

మరుసటి రోజు పొద్దున

శైలజ మేడం తలుపు తీయకముందే గ్రంథాలయం మెట్ల మీద కూర్చున్నాను. కంప్యూటర్ ఆన్ చేయగానే, ఎప్పుడు పడితే అప్పుడు అంకె తీసే ముక్కను పట్టుకుని బయటికి లాగి పారేశాను. గంగమ్మ బొమ్మకు ముక్కుపుడక గీశాను. తర్వాత బేసిన్ నీళ్ళలో రెండు చేతులు గీశాను. అంతవరకు నా ఆటలో గూళ్ళున్నాయి, ఆవిరి ఉంది, దారం ఉంది, చేతులు మాత్రం లేవు.

ఆట నడుస్తున్నప్పుడు అంకె దాచుకునే డబ్బా ఒకటి కొత్తగా పెట్టి, దానికి "మంట" అని పేరు రాశాను. చేతులు నీళ్ళలో ఉన్నంతసేపు అది పెరగాలి. పెరిగేకొద్దీ చేతుల రంగు ఎర్రబడాలి. మరీ ఎర్రబడితే, దారం తెగినా తెగకపోయినా, గంగమ్మ కొట్టాలి. ముక్కలు అతికించి, అచ్చు తప్పులు లేకుండా చదువుకుని, పచ్చ జెండా నొక్కాను.

గూళ్ళు తేలాయి. కొస పట్టుకుని అందించాను, ఇంకోటి అందించాను. తెర మీది చేతులు గులాబీ రంగయ్యాయి, తర్వాత ఎర్రబడ్డాయి. దారం తెగలేదు.

గరిటె మోగింది. కీబోర్డు మీది నుంచి చేతులు తీసి ఒళ్ళో పెట్టుకున్నాను.